హిరోషిగే వాన బొమ్మకి చేతి నకలు కొనేముందు

మీ ప్రశ్న ఇది. కొత్త ఫ్లాట్ హాల్లో సోఫా వెనక గోడకి జపాన్ ల్యాండ్‌స్కేప్ ఒకటి పెట్టాలనుకున్నారు. వంతెన మీద వాన కురుస్తున్న, జపాన్ చిత్రకారుడు హిరోషిగే చేసిన బొమ్మ మీకూ మీవారికీ నచ్చింది. ఆన్‌లైన్‌లో ఒకచోట "పూర్తిగా చేత్తో వేసినది, కాన్వాస్ మీద ఆయిల్, నాలుగడుగుల ఎత్తు" అని ఉంది. ఇంకోచోట కాగితం మీద ప్రింట్ అందులో పదో వంతు ధరకే ఉంది. "ప్రింట్ కంటే చేత్తో వేసిందే మేలు కదండీ?" అని అడిగారు.

నేను ఇరవై ఏళ్ల పైనుంచి బొమ్మలకు నకళ్లు వేస్తున్నాను. వాటిలో సగానికి పైగా జపాన్ బొమ్మలే. కాలేజీలో చదివింది ప్రింట్‌మేకింగ్ కాబట్టి చెక్క చెక్కడం, అద్దడం కూడా కొంత తెలుసు. చేత్తో వేసి బతికేవాణ్ణే అయినా చెప్తున్నాను: ఆ ఆయిల్ కాన్వాస్ కొనకండి. చేతి నకలు అసలే వద్దని కాదు. ఈ బొమ్మకి ఎలాంటి చేతి నకలు సరిపోతుందో తెలుసుకుని కొనండి.

మీకు నచ్చిన బొమ్మ 1857 నాటిది. ఎడో, అంటే ఇవాళ్టి టోక్యో, అందాల మీద హిరోషిగే తన చివరి రోజుల్లో చేసిన 'ఎడో నూరు దృశ్యాలు' వరసలోది. సుమిదా నది మీద షిన్ ఒహాషి వంతెన, ఉన్నట్టుండి పడిన వాన, గొడుగుల కింద వంగి పరుగెత్తే జనం, కింద నదిలో దుంగల తెప్ప నడుపుకుంటూ పోయే ఒంటరి మనిషి. ఈ బొమ్మకి 'అసలు పెయింటింగ్' అంటూ ఎక్కడా లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు. హిరోషిగే పలచటి కాగితం మీద నల్ల గీతలతో బొమ్మ గీసి పబ్లిషర్‌కి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క పలక మీద బోర్లా అతికించి, గీతలు మాత్రం మిగిలేలా చుట్టూ ఉన్న చెక్కని తీసేస్తాడు. ఆ పనిలోనే కాగితం నాశనమైపోతుంది. తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు చెక్కుతారు. అద్దేవాడు తడి కాగితాన్ని ఒక్కో అచ్చు మీద వరసగా పరిచి, వెనక నుంచి బరెన్ అనే గుండ్రటి సాధనంతో రుద్దుతాడు. అచ్చు మూలన చెక్కిన చిన్న గుర్తులకి కాగితం అంచు ఆనిస్తే రంగు ఇటూ అటూ జరగదు. అన్ని రంగులూ పడ్డాక బయటికొచ్చిన కాగితమే అసలు. అలాంటివి వందలు, వేలు తీశారు.

మనవాళ్లకి ఇది కలంకారీతో చెప్తే వెంటనే అర్థమవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది. పెడన కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. పెడన దుప్పటి చూసి ముచ్చటపడి, "ఇదే డిజైన్ చేత్తో గీసిస్తే ఇంకా గొప్పగా ఉంటుంది" అని ఎవరూ అనరు. దాని అందం అచ్చులోనే ఉంది. హిరోషిగే బొమ్మా అంతే. కాబట్టి "ప్రింటా, చేత్తో వేసిందా" అన్న ప్రశ్న ఇక్కడ సరిగ్గా కుదరదు. "చెక్క అచ్చు చేసిన పనిని ఈ నకలు చూపిస్తోందా, లేదా?" అని అడగాలి.

జపాన్‌లో చేత్తో వేసే సంప్రదాయం లేకపోలేదు. అచ్చు ప్రమేయం లేకుండా కుంచెతోనే వేసిన బొమ్మల్ని నికుహిత్సు అంటారు. మరో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్, హిరోషిగే ఇద్దరూ అలాంటివి వేశారు. అంతకుముందు కాలంలో నల్ల గీతలు మాత్రం అచ్చుతో వేసి, రంగులు చేత్తో దిద్దేవాళ్లు. 1765 ప్రాంతంలో పూర్తి రంగుల అచ్చు బొమ్మలు వచ్చాక ఆ చేతి రంగులు వెనకబడ్డాయి. నీటి రంగు తడి కాగితంలోకి ఒత్తిడితో ఇంకినప్పుడు వచ్చే సమమైన మెత్తదనం కుంచెకి అంత తేలిగ్గా రాదు.

పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఇది పట్టించుకోలేదు. ఒక డాక్టరుగారు తన క్లినిక్‌కి హిరోషిగే 'కంబరా, రాత్రి మంచు' బొమ్మ కావాలన్నారు. తోకైదో రహదారి మీద ఉన్న 53 మజిలీల వరసలోది, 1833-34 నాటిది. కొండ దిగువన మంచులో మునిగిన ఇళ్లు, వంగి నడిచే ముగ్గురు మనుషులు. ఆయన ఐదడుగుల కాన్వాస్ అడిగారు, నేను ఆయిల్‌లో వేసిచ్చాను. వైట్ రంగు ట్యూబుల కొద్దీ అయింది. గోడకి ఎక్కించాక చూస్తే మంచు కురిసినట్టు లేదు, పైకప్పులకి సున్నం కొట్టినట్టు ఉంది. ఎందుకో తెలియక చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత ఒక మ్యూజియం స్కాన్‌ని బాగా పెద్దది చేసి చూసినప్పుడు తెలిసింది: ఆ బొమ్మలో మంచు అనేది రంగే కాదు, వట్టి కాగితం. పైకప్పుల మీద ఏమీ అద్దలేదు. ఆకాశంలో రాలే మంచు చుక్కలు కూడా అచ్చులో చెక్క తీసేసిన చోట్ల మిగిలిన కాగితమే. రంగు వేయకుండా వదిలినదాన్ని నేను మందంగా రంగు పూసి పాడుచేశాను. ఆ డాక్టరుగారికి తర్వాత కాగితం మీద చిన్న సైజులో మళ్లీ వేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు.

ఆ బొమ్మతోనే ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాను. కంబరా ప్రతులు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్నింటిలో ఆకాశం పైన నల్లగా ఉండి కిందికి పలచబడుతుంది. కొన్నింటిలో ఇళ్ల వెనక నల్లగా ఉండి పైకి తేటపడుతుంది. అచ్చులు అవే, కానీ అద్దినప్పుడు రంగు ఎటు చిక్కగా పెట్టారన్నదాన్ని బట్టి రాత్రే మారిపోయింది. అందుకే నకలు వేసేవాణ్ణి "ఏ మ్యూజియంలో ఉన్న ప్రతిని చూసి వేస్తున్నారు?" అని తప్పకుండా అడగండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఆమ్‌స్టర్‌డ్యామ్ రైక్స్ మ్యూజియం, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెద్ద సైజు ఫొటోలు ఉచితంగా పెట్టాయి. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. "గూగుల్‌లో దొరికిన ఫొటో" అని సమాధానం వస్తే అక్కడితో ఆగండి.

ఇక అసలు కష్టం దగ్గరికొద్దాం. ఈ బొమ్మల్లో ఆకాశం పైన చిక్కటి రంగు పట్టీలా మొదలై కిందికి వచ్చేసరికి ఏమీ లేకుండా కరిగిపోతుంది. దీన్ని బోకాషి అంటారు. అద్దేవాడు అచ్చుని తడి గుడ్డతో తుడిచి, రంగున్న బ్రష్‌తో ఒక అంచు వెంబడి రాస్తాడు. తడి ఉన్నచోట రంగు తనే పలచబడుతుంది. వెంటనే కాగితం వేసి రుద్దుతాడు. ఇంకో కాగితానికి మళ్లీ మొదటినుంచీ ఇదే పని. అచ్చులో దీనికోసం చెక్కిందేమీ ఉండదు, అంతా చేతి అలవాటే. మీ వాన బొమ్మలో పైన కమ్ముకున్న నల్లమబ్బు ఇంకా కష్టమైన రకం. దానికి తిన్నటి అంచు లేదు. తడి పలక మీద రంగుని మబ్బు ఆకారంలో పారనిచ్చి అద్దినది.

కాగితం మీద దీన్ని చేత్తో వేయడానికి నేను పాటించే పద్ధతి చెప్తాను. కాగితాన్ని ముందురోజే తడిపి పలక మీద సాగదీసి అంటిస్తాను. పని మొదలుపెట్టేముందు ఆకాశం భాగం మొత్తం శుభ్రమైన నీళ్లతో సమంగా తడిపి, మెరుపు పోయి మసకగా కనిపించేదాకా ఆగుతాను. వెడల్పాటి మెత్తని బ్రష్‌ని నీళ్లలో ముంచి పిండి, ఒక మూలకి మాత్రం రంగు పట్టిస్తాను. ఆ మూల పైకి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఒక్క లాగు. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది, దాన్ని దిద్దబోతే మచ్చ అవుతుంది. ఇదే లాగుని పలచటి రంగుతో మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ పూర్తిగా ఆరనిచ్చి వేస్తే గానీ ఆ లోతు రాదు. హైదరాబాద్ ఎండాకాలంలో నీళ్లు నిమిషంలో ఆరిపోతాయి, అందుకని ఫ్యాన్ ఆపేసి పొద్దున్నే కూర్చుంటాను. ఆయిల్‌లో అయితే రంగుల్ని కలిపి రుద్దుతూ ఎంతసేపైనా నున్నగా చేయొచ్చు. కానీ అప్పుడది కాగితంలో ఇంకిన ఆకాశంలా ఉండదు, గోడకి స్ప్రే కొట్టినట్టు ఉంటుంది.

నీలం గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఈ కళలో ల్యాండ్‌స్కేప్ అంతగా విరబూయడానికి ప్రష్యన్ బ్లూ పెద్ద కారణం. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు అది. జపాన్‌వాళ్లు దాన్ని బెరో-ఆయి, అంటే 'బెర్లిన్ నీలి' అన్నారు. అంతకుముందు వాళ్లకి నీలిమందు ఉండేది, ఒక పువ్వు నుంచి తీసిన నీలం ఉండేది. ఆ పువ్వు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, తడి తగిలితే చెదిరిపోతుంది. 1830 ప్రాంతంలో ఈ కొత్త నీలం చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆకాశాన్నీ నీళ్లనీ ఇష్టమొచ్చినంత లోతుగా అద్దగలిగారు. హొకుసాయ్ 'ఫూజీ 36 దృశ్యాలు' ఆ సమయంలోనే వచ్చాయి. పేరుకి 36 గానీ, బాగా అమ్ముడుపోవడంతో ఇంకో పది కలిపి మొత్తం 46 చేశారు. మొదటి 36 బొమ్మల్లో బయటి గీతలు నల్లవి కావు, నీలివి. తర్వాత కలిపిన పదింటికి మాత్రం నల్ల గీతలు వాడారు. ప్రపంచమంతటికీ తెలిసిన 'పెద్ద అల' మొదటి 36లోదే. ఆ అల నురగని, పడవల్ని దగ్గరగా చూడండి, గీత నీలం. మార్కెట్లో దొరికే చేతి నకళ్లలో నూటికి తొంభై వాటికి నల్ల గీతలు ఉంటాయని నా అనుభవం. ఆ ఒక్క తప్పుతో అల బరువెక్కి కార్టూన్‌లా తయారవుతుంది. మీరు హొకుసాయ్ వైపు మొగ్గితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ గీత రంగే.

వాన విషయానికి వస్తాను, మీకు నచ్చింది అదే కాబట్టి. ఆ బొమ్మలో వాన సన్నటి, తిన్నటి గీతలు. చెక్కేవాడి వైపు నుంచి ఆలోచించండి: పలకలో ఆ వెంట్రుకంత గీతలు మాత్రమే మిగలాలి, వాటి మధ్య ఉన్న చెక్కంతా తవ్వి తీసేయాలి. ఒక్క గీత విరిగితే పలక పోయినట్టే. పైగా ఇక్కడ వాన రెండు అచ్చుల్లో ఉంది. ఒకదానిలోని గీతలు ఒక కోణంలో, రెండోదానిలోవి కాస్త వేరే కోణంలో. రెండూ ఒకదాని మీద ఒకటి పడేసరికి గాలికి వాన ఊగుతున్నట్టు కనిపిస్తుంది. అన్నీ ఒకే కోణంలో గీసేస్తే అది గీతల కాగితమే తప్ప వాన కాదు.

చేత్తో ఈ గీతలు వేయడానికి జపాన్ చిత్రకారులు గాడి ఉన్న స్కేలు వాడతారు. ఒకే చేతిలో ఒక గాజు పుల్లా, కుంచే కలిపి పట్టుకుని, పుల్లని గాడిలో జార్చితే కుంచె తిన్నగా వస్తుంది. చిన్నప్పుడు మా వీధిలో సైన్‌బోర్డులు రాసే పెద్దాయన కర్రకి చెయ్యి ఆనించి గీత లాగడం చూస్తూ పెరిగాను, ఆ అలవాటే నాకు ఇక్కడ పనికొచ్చింది. రంగు పలచటి బూడిద. ప్రతి గీతా ఒకే వేగంతో లాగాలి. ఒక బొమ్మకి వాన గీతలకే నాకు రెండు పూటలు పడుతుంది. అవి వేసేటప్పుడు ఫోన్ కూడా పక్కగదిలో పెడతాను. మిగతా బొమ్మంతా అయ్యాక చివర్లో వేసే పని కాబట్టి చెయ్యి జారితే మొత్తం పోతుందన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది.

"మరి వాన్ గో ఇదే బొమ్మని ఆయిల్‌లో వేశాడు కదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే, 1887లో పారిస్‌లో వేశాడు. కమేయిదో ప్లమ్ తోట బొమ్మని కూడా ఆ ఏడాదే ఆయిల్‌లో వేశాడు. రెండూ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని ఆయన మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఆయన నకలు అమ్మడానికి వేయలేదు, నేర్చుకోవడానికి వేశాడు. రంగులు గాఢం చేశాడు, చుట్టూ వేరే ప్రింట్ల నుంచి ఎత్తిన జపనీస్ అక్షరాలతో అంచు కట్టాడు. చూడగానే అది వాన్ గో బొమ్మ అని తెలుస్తుంది. మీకు కావాల్సింది అలాంటి బొమ్మ అయితే ఆయిల్ ఒప్పుకుంటాను. హిరోషిగే వాన కావాలంటే మాత్రం కాగితం, నీటి రంగు తప్ప దారి లేదు.

సైజు సంగతి. ఈ బొమ్మల అసలు కాగితం సుమారు 37 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. చేతిలో పట్టుకుని చూడటానికి చేసినవి. నాలుగడుగులకి పెంచితే వాన గీత తాడంత అవుతుంది, మనుషుల ముఖాల్లో ఏమీ లేదని బయటపడుతుంది. పొడవులో ఒకటిన్నర రెట్లు దాటనివ్వకండి. సోఫా వెనక గోడ పెద్దది, చిన్న బొమ్మ వెలితిగా ఉంటుందని మీ భయం, అది సహజమే. వెడల్పాటి తెల్లటి మౌంట్, అంటే ఫ్రేమ్ లోపల బొమ్మ చుట్టూ వచ్చే అట్ట, పెట్టించండి, లేదా అదే వరసలోని మూడు నిలువు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. నేనైతే వానకి తోడు కమేయిదో ప్లమ్ తోట, హొరికిరి ఐరిస్ పూల బొమ్మ పెడతాను. మూడూ నిలువువే, మూడింటిలోనూ దగ్గరిదీ దూరానిదీ కలిపి చూపించే ఆటే ఉంది.

అమ్మేవాళ్లని ఒక ఫొటో అడగండి: కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా దగ్గరగా తీసింది. రంగు ఉబ్బెత్తుగా కనిపిస్తే వద్దు. తర్వాత పై కుడిమూల రంగు పెట్టెల్లో ఉన్న అక్షరాలు, ఇంకా సంతకం చూడండి. ఒక పెట్టెలో వరస పేరు, ఇంకోదాంట్లో ఆ బొమ్మ పేరు ఉంటాయి. లిపి తెలియనివాళ్లు అక్కడ ఏవో పిచ్చిగీతలు గీసేస్తారు. మ్యూజియం ఫొటో పక్కన పెట్టి గీతకి గీత సరిచూస్తే చాలు, మీకు జపనీస్ రానక్కర్లేదు. తలకట్టు లేని తెలుగు చూస్తే మనకెలా ఉంటుందో, ఆ అక్షరాలు చదవగలిగిన అతిథికి మీ గోడ అలా ఉంటుంది. ఇంకో మాట: వెనకవైపు "హిరోషిగే 1857 బొమ్మకి నకలు" అని రాసి, వేసినవాడి పేరు, తేదీ పెట్టమనండి. నేను ప్రతిదానికీ రాస్తాను. రాయడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనొద్దు.

నా మొదటి సలహా మాత్రం వేరే ఉంది. చేతిపని మీద మీకు అంత ఇష్టం ఉంటే, పాత బొమ్మని చూసి కొత్తగా అచ్చులు చెక్కి, పాత పద్ధతిలోనే చేత్తో అద్దిన ప్రతి కొనుక్కోండి. టోక్యోలో అదాచి సంస్థ హొకుసాయ్, హిరోషిగే బొమ్మల్ని ఇప్పటికీ అలా చేస్తోంది. 20వ శతాబ్దపు కవాసే హసుయి మంచు, వెన్నెల బొమ్మలు నచ్చితే, ఆయన పబ్లిషర్ వతనబే షోజబురో స్థాపించిన సంస్థ ఇంకా అద్దుతూనే ఉంది. అవి పూర్తిగా చేత్తో చేసినవే, అసలు పుట్టిన దారిలోనే పుట్టినవి. కాగితం తిప్పి చూస్తే వెనక్కి ఇంకిన రంగు, బరెన్ రుద్దిన గుండ్రటి జాడలు కనిపిస్తాయి. మెషిన్ ప్రింట్‌ని భూతద్దంతో చూస్తే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, దీంట్లో చుక్కలుండవు. ఆ నాలుగడుగుల ఆయిల్ కాన్వాస్ మీద పెట్టే డబ్బుతో ముందు ఇది వస్తుందేమో ధర కనుక్కోండి.

మన వైపు సంబంధం ఉన్న బొమ్మ కావాలంటే యోషిదా హిరోషి ఉన్నాడు. 1930-31లో ఇండియా అంతా తిరిగి తాజ్‌మహల్, కాంచనగంగ, మదురై గుడి, అజంతా, ఎల్లోరా గుహల్ని చెక్క అచ్చులుగా చేశాడు. అప్పటికి అజంతా, ఎల్లోరా హైదరాబాద్ నిజాం రాజ్యంలోనివే. తాజ్‌మహల్‌ని పగలు ఒకలా, రాత్రి ఒకలా అద్దిన తీరు చూస్తే రంగు ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. ఇండియాలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు. యోషిదా 1950లో, హసుయి 1957లో పోయారు కాబట్టి ఇక్కడ నకలు వేయించుకోవడానికి చట్టపరమైన అడ్డేమీ లేదు.

ఫ్రేమ్ కట్టేవాడికి రెండు మాటలు చెప్పండి. గాజుకి కాగితం తగలకూడదు, మధ్యలో మౌంట్ ఉండాలి. మౌంట్ యాసిడ్ లేని బోర్డు అయ్యుండాలి, మామూలుది కొన్నేళ్లకి కాగితం అంచుల్ని పసుపు చేస్తుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు. మీది విశాఖ అన్నారు కాబట్టి, వానాకాలం ముందు ఫ్రేమ్ వెనక టేప్ ఊడిందేమో చూసుకోండి, సముద్రపు చెమ్మకి కాగితం మీద మచ్చలు త్వరగా వస్తాయి.

ఇంత చెప్పాక కూడా చేత్తోనే వేయించుకోవాలని ఉంటే, చిత్రకారుడికి అడ్వాన్స్ ఇచ్చేముందు బొమ్మ మొత్తం కాకుండా ఒక చిన్న ముక్క అడగండి. జానెడు కాగితం మీద పై మబ్బు, దాని కింద వేళ్లు నాలుగు పట్టేంత వాన. ఆ ముక్కకి విడిగా డబ్బివ్వండి, అది న్యాయం. వచ్చాక కిటికీ దగ్గర పట్టుకుని, నలుపు ఎక్కడ ఆగిందో వేలితో చూపించమని ఇంట్లో పిల్లల్ని అడగండి. చూపించలేకపోతే ఆయనకే ఇవ్వండి పని.